గులాబీకి అమ్మవారు పోసిన వానాకాలం

మా గులాబీ మొక్కకి అమ్మవారు పోసిందని మా రైల్వే క్వార్టర్ల లైను మొత్తం నమ్మిన వానాకాలంలో, నమ్మనిదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పటికీ నమ్మను. ఆ మొక్క ముందు కొబ్బరికాయ కొట్టినవాళ్ళు ఇప్పటికీ పూరీ గేట్ బజారులో ఎదురుపడితే మొహం పక్కకి తిప్పుకుంటారు. తిప్పుకోనీ. మెడ నొప్పి వాళ్ళకే.

ముందు ఆ మొక్క సంగతి చెప్పాలి. అది నాటు పన్నీరు గులాబీ. చిన్న పువ్వు, లేత రంగు, లెక్కపెట్టలేనన్ని రెక్కలు. మధ్యాహ్నానికల్లా రాలిపోతుంది గాని, పొద్దున్న విచ్చుకుందంటే వాసన వంటింటి దాకా వస్తుంది. నాకు పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చేటప్పుడు మా అమ్మ శ్రీకాకుళం దగ్గర మా పెరట్లోంచి ఒక కొమ్మ కోసి, మొదలుకి పేడముద్ద పెట్టి, తడిగుడ్డ చుట్టి నా చేతికిచ్చింది. రైలు దిగేవరకూ దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాను. ట్రంకు పెట్టె ఉందా పోయిందా అని కూడా చూసుకోలేదు. గడ్డపార వేస్తే నిప్పులు రాలే ఈ ఎర్ర మొరం నేలలో ఆ కొమ్మ వేరు పట్టింది, పెరిగింది, నా భుజం దాకా వచ్చింది.

మా అమ్మ పోయింది. ఆ పెరడు మీదుగా రోడ్డు వేశారు. అమ్మ ఇచ్చిన చీరలు చిరిగిపోయాయి, గిన్నెలు సొట్టలు పడి పాత సామాన్లవాడి బండెక్కాయి. మిగిలింది ఈ మొక్క ఒక్కటే. దీని కొమ్మలు ఇంకోచోట నాటి ఉంచుకోవచ్చు కదా అంటారేమో. నాటాను. ప్రతిసారీ వేరు పట్టకముందే చెదలు తిన్నాయి. ఇక్కడ ఇందా అనే పేటలో ఉన్న నర్సరీల్లో ఈ జాతి కోసం అడిగాను. వాళ్ళు చూపించేవన్నీ కలకత్తా అంటు మొక్కలు, పువ్వు పిడికెడంత, వాసన సున్నా. అంచేత ఈ మొక్క పోయిందంటే మా అమ్మ చేతిది ఇక ఏదీ నాకు మిగలదు. ఇది గుర్తు పెట్టుకుంటే, తర్వాత నేను చేసినదానికి నన్ను రాక్షసి అనుకోరు. అనుకున్నా నాకేం ఫర్వాలేదు.

గులాబీలు పెంచేవాళ్ళు శాంతస్వభావులని ఎవరన్నారో గాని, వాళ్ళు ఎన్నడూ గులాబీ పెంచి ఉండరు. ఈ మొక్కకి ఉన్నంతమంది శత్రువులు మా ఆయన యూనియన్లో ఏ లీడరుకీ లేరు. చలి తగ్గుతోందంటే పేనుబంక దిగుతుంది. లేత మొగ్గ మెడ చుట్టూ పచ్చగా, జిగటగా మూగుతుంది. దానికి మందూ మాకూ తర్వాత, ముందు బొటనవేలూ చూపుడువేలూ పెట్టి నలిపేస్తాను. ఎండలు ముదిరితే ఎర్రనల్లి, ఆకు అడుగున సన్నటి గూడు కట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పైపు పట్టి కిందనుంచి కడగాలి. మా లైనుకి నీళ్ళు వదిలేదే కాసేపు. ఆ కాసేపట్లో బిందెలు నింపకుండా నేను నల్లిని కడుగుతుంటే మా అత్త గోల గోల చేసేది. తామర పురుగు పడితే మొగ్గ విచ్చుకోకముందే అంచులు మాడిపోతాయి. ఇక చెదల సంగతి చెప్పనక్కర్లేదు. ఈ ఊరు వాటిదే, మనం అద్దెకుంటున్నాం.

వీటిలో దేనికీ నేను లొంగలేదు. పొద్దున్న టీ కూడా తాగకముందే మొక్క చుట్టూ తిరిగి, ఆకులు తిప్పి తిప్పి చూడటం నాకు అలవాటు. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ గోడ మీంచి తొంగిచూసి "పూజో కొర్‌ఛో దీదీ?" అని ఏడిపించేది, పూజ చేస్తున్నావా అని. "పూజేటి దీదీ, లడాయి!" అనేదాన్ని.

ఆ ఏడు మా ఆడపడుచు కూతురికి పురుడొస్తే సాయానికి విశాఖపట్నం వెళ్ళి కొన్ని వారాలు ఉండిపోయాను. ఇక్కడ వానలు ఆగకుండా పడుతున్నాయని ఫోనులో మా ఆయన చెబుతూనే ఉన్నాడు. మొక్క ఎలా ఉందంటే "బాగానే ఉంది" అన్నాడు. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. వేగన్ చక్రంలో వెంట్రుకంత పగులు ఉన్నా పట్టేస్తాడు గాని, గుమ్మం ముందు మొక్క మాడిపోతున్నా ఆయనకి కనబడదు.

తిరిగొచ్చి ఆటో దిగేసరికి మా గేటుకి వేపమండలు కట్టి ఉన్నాయి. మా వాళ్ళ ఇళ్ళల్లో గేటుకి వేపమండలు కట్టారంటే లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. చెప్పులు బయటే విడిచి, గొంతు తగ్గించి లోపలికి రావాలి. ఇంట్లో ఉండేది మా ఆయనా, అత్తా. ఎవరికి? సంచి అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాను. అత్త నట్టింట్లో జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది, ఒంటి మీద ఒక్క పొక్కూ లేదు.

"ఆయనకేటి? ఆయనకి పోసినాదేటి?"

"అరవకే. తల్లి ఇంటున్నాది."

"ఎవరికత్తా?"

అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి గోడవారగా చూపించింది. మా అమ్మ మొక్క. మొదలుకి పసుపు గుడ్డ కట్టారు. ముందు ముగ్గు, ముగ్గు మధ్యలో కుంకుమ, ఒక గిన్నెలో పెరుగు కలిపిన చద్దన్నం.

"సూడు, ఆకు ఆకుకీ మచ్చలు. కొమ్మల నిండా పొక్కులు. తల్లి కాకపోతే మరేటిది?"

అబద్ధమెందుకు చెప్పాలి, చూడటానికి అచ్చం అలాగే ఉంది. ఆకుల మీద నల్లటి గుండ్రటి మచ్చలు, చుట్టూ పసుపు. కొమ్మల మీద బూడిదరంగులో చిన్న చిన్న పక్కులు, ఎండిన పొక్కుల్లాగే. మచ్చలేమో నల్లమచ్చ తెగులు. ఆకు మీద తడి ఆరకపోతే వానాకాలంలో పట్టే బూజు జబ్బు అది. పక్కులేమో పొలుసు పురుగు. అది పురుగంటే ఎవరూ నమ్మరు, కదలదు, మెదలదు, కొమ్మకి అతుక్కుపోయి రసం పీలుస్తుంది. గోటితో గీకితే ఊడొస్తుంది. గీకడానికి వేలు పెట్టాను. అత్త నా చేతి మీద ఒక్కటి వేసింది.

"గోరు తగలకూడదు! మచ్చ ఉండిపోతాది."

మా అత్త ఏటేటా మాతా పూజలో ఘటం ఎత్తుకునే మనిషి. ఒంట్లో ఎంత బాగోకపోయినా ఆ రోజు తలమీద ఘటంతో లైనులన్నీ తిరిగొస్తుంది. అమ్మవారి విషయంలో ఆమె మాటకి మా లైనులోనే కాదు, చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరూ ఎదురు చెప్పరు. ఆమె చెప్పిన కట్టుబాట్లు ఇవీ. మూడో నీళ్ళు, అంటే తల్లి దిగడానికి చేయించే మూడో స్నానం, పోసేదాకా ఇంట్లో పోపు పెట్టకూడదు. మందు ముట్టుకోకూడదు. మొక్కకి ఇనుము తగలకూడదు. ఇనుము మీద బతికే ఊళ్ళో ఇనుము తగలకూడదట!

"మనిషికి పోసినట్టు మొక్కకి పోస్తాదేటి అత్తా?"

"దాని ఒంట్లో ప్రాణం నేదేటి?"

జవాబు లేకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

మా ఆయన్ని అడిగితే "ఠీక్ హై, నాలుగు రోజులు ఓపిక పట్టు, అమ్మ సంగతి నీకు తెల్దేటి" అన్నాడు. ఆయనది ఎప్పుడూ ఠీక్ హై. పోపు లేని పప్పు మారు మాట్లాడకుండా తినేవాడు. తినక ఏం చేస్తాడు, వర్క్‌షాపు గేటు దగ్గర సింగారాలు, అదే బెంగాలీ సమోసాలు, తిని వస్తున్నాడని చొక్కా వాసనే చెప్పేది. నేను మాత్రం ఒక మొక్క కోసం చప్పిడి తిండి తింటూ, ఆ మొక్కే చస్తుంటే చూస్తూ కూర్చోవాలి.

అన్నిటికంటే నా ఒళ్ళు మండించినది సాయంత్రం తంతు. పొద్దు వాలగానే అత్త గిన్నెలో పసుపు నీళ్ళు కలిపి, వేపరెబ్బ ముంచి, పన్నీరు గులాబీ మీద చిలకరించేది. తర్వాత అదే రెబ్బతో పక్కనున్న మొక్కల మీద కూడా. నల్లమచ్చకి ఇంతకంటే పండగ ఉంటుందా? ఆకు తడిసి తెల్లవార్లూ ఆరకపోవడమే దానికి కావాలి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్ళడానికి బండి కావాలి. మా అత్త రెండూ ఇచ్చింది. వారం పది రోజుల్లో నా మిగతా గులాబీలకీ మచ్చలు వచ్చాయి.

"సూసినావా," అంది అత్త, తనదే పైచెయ్యి అయినట్టు. "ఒకర్తికి పోస్తే అప్పసెల్లెళ్ళందరికీ పోస్తాది. ఇంకా తెగులంటావేటి?"

అదే తెగులంటే, అని నేను అరిచాను. ఆమె వినలేదు. అప్పటికే లైనులో వాళ్ళు రావడం మొదలెట్టారు. పసుపు నీళ్ళ చెంబులు, అరటిపళ్ళు, అగరొత్తులు. పిల్లలకి ఉద్యోగం రావాలని ఒకావిడ మొక్కుకుంది. కాళ్ళ నొప్పులు పోవాలని ఇంకొకావిడ. రాలిన ఆకుల్ని ప్రసాదమని కొంగులో కట్టుకెళ్ళి తమ ఇంటి కుండీల్లో గుచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. రాలిన ఆకులోనే ఆ బూజు బతుకుతుంది, ఏరి తగలబెట్టాలి అని నేను గేటు దగ్గర నిలబడి మొత్తుకున్నాను. తెగులుని ప్రసాదంగా పంచిపెట్టిన ఊరు ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఇందా పేటకి వెళ్ళి మందు తెచ్చాను. కొట్టువాడు పురుగులమందు డబ్బా చేతిలో పెట్టబోతే, "అది కాదు దాదా, బూజు మందు ఇయ్యి" అని పొడి తీసుకున్నాను. పొలుసు పురుగుకి వేపనూనె ఇంట్లోనే ఉంది. ఇంటికొచ్చి సీసాలో మందు కలుపుతుంటే అత్త వచ్చి మొక్కకి అడ్డంగా నేల మీద కూర్చుంది. ఆ వయసులో కింద కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. అయినా కూర్చుంది.

"తల్లి మీద ఇసం కొడతావేటి?"

"మా అమ్మ మొక్క అత్తా అది. నా కళ్ళెదుటే సచ్చిపోతన్నాది."

"మీ అమ్మ మొక్కని నాకు తెల్దేటి? అందుకే కాసుకుని కూసున్నాను." ఆమె గొంతు పెంచలేదు. "నా పెద్దోడి సంగతి నీకు తెలుసు కదా."

తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే ఎవరో చెవిలో వేశారు. మా ఆయన కంటే ముందు ఒక కొడుకు పుట్టి పోయాడని, పెద్దమ్మవారు, అదే మశూచి, పోసిందని. ఆమె నోటివెంట మాత్రం ఎప్పుడూ వినలేదు. ఆ రోజు చెప్పింది.

"ఇంకా మూడో నీళ్ళు పొయ్యనేదు. మీ మావ మనసాగక రైల్వే డాక్టరు బాబుని పిలుసుకొచ్చినాడు. బూట్లతో గుమ్మం తొక్కినాడు, సూది తీసినాడు. నాను గుమ్మంలో అడ్డం పడిపోనాను. ఎయ్యనీనేదు, తరిమేసినాను. అయినా ఇనుము గుమ్మం దాటినాది కదే. తల్లికి కోపమొచ్చినాది. తెల్లారీసరికి గుంటడు నేడు." మొదలుకి కట్టిన పసుపు గుడ్డ సర్దింది. "మల్లీ ఆ తప్పు జరగనీను. మీ అమ్మ నీ సేతిలో పెట్టిందది. నానుండగా దాన్ని సావనీను."

సీసా మూత పెట్టేశాను. ఆమె మీద నాకు జాలి కలిగింది, ఏడుపు కూడా వచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు. ఆమె కాపాడుతున్నానంటోంది, మొక్క చస్తోంది. రెండూ నిజమే. కొన్నాళ్ళు నోరు మూసుకున్నాను. అది ఓటమి అని లైనులో అందరూ అనుకున్నారు.

మూడో నీళ్ళు పోశారు. తగ్గలేదు. ఐదో నీళ్ళు అన్నారు, అదీ అయింది. తల్లి ఇంకా దిగలేదంది అత్త. ఆకులన్నీ రాలిపోయి మొక్క ముళ్ళకంపలా మిగిలింది. ఆ తర్వాతే అసలు గండం మొదలైంది. కొమ్మల కొసలు నల్లబడి కిందికి ఎండుతూ రాసాగాయి. ఇది గులాబీకి వచ్చే జబ్బుల్లో అన్నిటికంటే చెడ్డది. పైనుంచి మొదలై కొమ్మ వెంట దిగుతుంది. కొమ్మ కోసి చూస్తే నడుమ తెల్లగా ఉండాల్సిన బెండు గోధుమరంగులో ఉంటుంది. తెల్ల బెండు తగిలేదాకా కోసుకుంటూ పోవాలి, వేరే మందు లేదు. అది మొదలు దాకా దిగిందా, ఇక మొక్క లేదు. నేను రోజూ చూస్తున్నాను. వారం తిరిగేసరికి జానెడు దిగింది. అత్త రోజూ పసుపు నీళ్ళు చిలకరిస్తూనే ఉంది.

ఒక పొద్దున్న వాన తెరిపిచ్చింది. వర్క్‌షాపు సైరన్ మోగింది, మా ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను కత్తెర తీసి, డెట్టాల్‌తో తుడిచి, బయటికి వచ్చాను. నా చేతిలో ఏముందో చూడగానే అత్త వచ్చి మళ్ళీ మొక్క ముందు కూర్చుంది. పువ్వులు పెట్టడానికొచ్చిన ఆడవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు.

"నన్ను కోసి దాన్ని కొయ్యి," అంది అత్త.

నేనూ ఆమె ఎదురుగా కూర్చున్నాను. మొరం గులకరాళ్ళు మోకాళ్ళకి గుచ్చుకుంటున్నాయి.

"అత్తా, ఇను. ఇందులో తల్లే ఉంటే, కోసినదాన్ని నాను. శిచ్చ నాకేస్తాది, నీకు కాదు, నీ కొడుక్కి కాదు. ఈ లైనులో ఎవరికీ కాదు. అందరూ ఇనండి! ఏదొచ్చినా నా మీదికే రానీయండి. మొక్కని మాత్రం నానెవులికీ ఇవ్వను. తల్లొచ్చి అడిగినా ఇవ్వను."

గేటు దగ్గర ఎవరో "ఓలమ్మో" అంటూ లెంపలేసుకున్నారు. అత్త నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె లేవలేదు, తప్పుకోలేదు. నేను లేచి, గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి, వెనకనుంచి కోయడం మొదలెట్టాను.

మొదటి కొమ్మ. గోధుమరంగు. ఇంకా కిందికి కోశాను. గోధుమరంగే. నేల దాకా కోశాను, లోపలంతా చచ్చే ఉంది. రెండో కొమ్మా అంతే. ముళ్ళు గీరుకుని చేతులు రక్తాలైపోయాయి. భుజమెత్తు మొక్క నా కాళ్ళ దగ్గర కంపకుప్ప అయింది. అప్పుడు భయమేసింది. తల్లి గురించి కాదు ఆ భయం. అంతా అయిపోయిందేమో, నేను కోసేది శవాన్నేమోనని. చిట్టచివర కొమ్మ మిగిలింది. పైన కోస్తే గోధుమరంగు. నడుమ కోస్తే గోధుమరంగు. మట్టికి వేలెడెత్తులో కోశాను. తెలుపు. చుట్టూ సన్నటి పచ్చ వలయం. అంతే, మా అమ్మ మొక్కలో ప్రాణమున్నది ఆ వేలెడు ముక్కే.

దానికి వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి పాత పళ్ళబ్రష్షుతో మెల్లగా తోమాను. పొలుసులు ఊడి వచ్చాయి. మందు కలిపి కొట్టాను, మొదలు చుట్టూ కూడా. పై మట్టి తీసేసి కొత్త మట్టి వేశాను. రాలిన ఆకుల్ని ఒక్కటి కూడా వదలకుండా ఏరి, కోసిన కొమ్మల్ని కూడా పోగేసి, నూనె పీలికలు వేసి నిప్పంటించాను. తడి కట్టెలు కదా, లైను పొడవునా పొగ. ఆ పొగలో అత్తకి చెయ్యిచ్చి లేపబోతే నా చెయ్యి అందుకోలేదు. గోడ పట్టుకుని తనే లేచింది.

ఆ రోజునుంచి నేను లైనుకి పరాయిదాన్నయ్యాను. ఎవరికి దగ్గొచ్చినా నా వల్లే. ఎవరి ఇంట్లో పాలు విరిగినా నా వల్లే. నీళ్ళ దగ్గర నేను బిందె పెడితే పక్క బిందె వెనక్కి జరిగేది. మంచిదే, నాకు చోటు ఎక్కువైంది. గట్టిగా నవ్వుతూ నింపుకునేదాన్ని. మా ఇంటికొచ్చింది బెంగాలీ దీదీ ఒక్కతే. ఆమె గులాబీలకీ మచ్చలు పట్టాయి, "ఓషుధ్‌టా కీ గో?" అని మందు పేరడిగింది. గోడ మీంచే మందు చేతికిచ్చి, తడి ఆకు మీద పొద్దువాలాక నీళ్ళు పడనివ్వొద్దని చెప్పాను.

అత్త నాతో మాట్లాడటం మానేసింది. నేను వండింది ముట్టుకోలేదు. గంజి కాచుకుని ఉప్పుగల్లుతో తాగేది. మా ఆయన మా ఇద్దరి మధ్యా కూర్చుని గోడకి చెప్పుకునేవాడు. "సారీ చెప్పీయే" అని గొణిగాడొకసారి. "దేనికి?" అన్నాను. ఆయన సైకిలు తీసి బయటికి వెళ్ళిపోయాడు.

అయితే అత్త రోజూ పొద్దున్న అరుగు మీద కూర్చుని ఆ వేలెడు మోడు వంకే చూసేది. పసుపు నీళ్ళు తేలేదు, దణ్ణం పెట్టలేదు. ఊరికే చూసేది. అది చస్తే తన మాట నెగ్గుతుంది. ఆమె కళ్ళల్లో ఆ ఆశ ఉందేమోనని నేను వెతికాను. లేదు. అది బతకాలనే చూస్తోంది. బతకకూడదని కూడా చూస్తోందని నాకప్పుడు తట్టలేదు.

వానలు వెనకపట్టి, ఎండ కాస్త తేటపడ్డ ఒక పొద్దున్న మోడు పక్కన బియ్యపు గింజంత ఎర్రటి మొలక. ముందు మట్టిబెడ్డ అనుకున్నాను. ఒంగి చూశాను. మొలకే. ఒళ్ళు తెలియలేదు నాకు, గొంతు చించుకుని అరిచాను. "రండి! అందరూ రండి! సచ్చినాదన్నారు కదా, వచ్చి సూసుకోండి!" లైనులో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ దగ్గరికి రాలేదు. వినబడితే చాలు నాకు.

అత్త వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని, గోడ పట్టుకుని ఒంగి, చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను, లేదంటే తల్లి చల్లగా చూసిందని దణ్ణం పెడుతుందనుకున్నాను. రెండింటికీ జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆమె గోడ వదిలి నేల మీద కూర్చుంది. మొలక మీంచి చూపు తిప్పలేదు.

"ఇనుము తగిలినా బతికినాది," అంది.

"బతికినాదత్తా."

"మందు పడినా బతికినాది."

అప్పుడు నా వైపు తిరిగింది. అన్నేళ్ళలో ఆమె మొహం అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఆవేళ సూది ఎయ్యనిచ్చుంటే, నా గుంటడు బతికేవోడేటే?"

నా నోట్లో గెలుపు కేక ఇంకా ఆరలేదు. అది ఎక్కడికి పోయిందో పోయింది. అన్నాళ్ళూ ఆ మొక్కకి అడ్డంగా ఎందుకు కూర్చుందో, ఏం బతికితే ఏం కూలిపోతుందని భయపడిందో అప్పుడర్థమైంది. ఆమె పక్కన కూర్చుని, రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. ఈసారి కాదనలేదు.

"నేదు," అన్నాను. "బతికేవోడు కాదు. పెద్దమ్మవారికి ఆవేళ మందు నేదు, సూదీ నేదు. ఆ డాక్టరు బాబు తెచ్చిన సూది ఉత్త జొరానిది. ఆసుపత్రిలో పడుకోబెట్టినా సల్లగా ఇసిరీవోరు, నీళ్ళిచ్చీవోరు. నువ్వూ అదే సేసినావు. వాళ్ళకంటే బాగా సేసినావు. మొక్క వేరు, బిడ్డడు వేరు. ఇంకెప్పుడూ ఈ మాట అడక్కు."

"నిజిమేనేటే?"

"నిజిమే. నా మాట మీద నమ్మకం నేదేటి నీకు?"

తల ఊపింది. ఆ మధ్యాహ్నం నా చేత్తో వడ్డించిన అన్నం తిన్నది. పప్పులో పోపు ఎక్కువేశావని విసుక్కుంది కూడా.

పెద్దమ్మవారికి మందు లేదన్న మాట నేనెక్కడో విన్నదే. ఆ డాక్టరు చేతిలో ఏ సూది ఉందో, దాంతో ఆ పిల్లాడు బతికేవాడో కాదో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు, అడగను. ఎంత చదువుకున్నవాళ్ళయినా సరే, మా గేటు తోసుకొచ్చి ఆమెకి వేరే మాట చెప్పాలనుకుంటే, ముందు నన్ను దాటాలి.